చెప్పిన నోటికీ పేరుండాలి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కాలేజీల్లో డిగ్రీ చదివే పిల్లలు ఇప్పుడు ఊళ్లలోకి వస్తున్నారు. డిగ్రీలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టిన దగ్గర్నుంచీ సర్వే కాగితాలు పట్టుకుని సుగాలి తాండాలకూ, ఎరుకల కాలనీలకూ వస్తున్నారు. మంచిదే. అలా వచ్చేవారిలో మన పిల్లలూ ఉన్నారు. నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, బడి ఎంత దూరం, పెళ్లిళ్లు ఎలా చేస్తారు, జ్వరమొస్తే ఏ ఆకు వాడతారు అని అడుగుతారు. ఒక ముసలామె పని ఆపుకుని గంటసేపు చెబుతుంది. రిపోర్టు తయారవుతుంది. చివర ‘ఆధారాలు’ అని ఒక పేజీ ఉంటుంది. అందులో ఒక పాఠ్యపుస్తకం, రెండు వెబ్‌సైట్లు, ఒక ప్రభుత్వ నివేదిక. రిపోర్టులో సగం ఆ ముసలామె మాటలే అయినా ఆమె పేరు మాత్రం కనిపించదు. మహా అయితే ‘స్థానికులు చెప్పిన ప్రకారం’ అని ఒక మాట.

ఇది తప్పా? తప్పయితే ఎలాంటి తప్పు? మార్కులు పోయే తప్పా, మనసు ఒప్పుకోని తప్పా? ఈ వ్యాసంలో మేము ఆలోచించదలచుకున్నది ఇదే.

రూలు ఏం చెబుతుందో ముందు చూద్దాం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018లో రచనాచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత వ్యాసంలో ఇతరుల రచనతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం ఉంటే ఏడాది పాటు ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆధారం చెప్పి ఉటంకించిన భాగాన్ని ఈ లెక్కలోంచి తీసేస్తారు. కాబట్టి విద్యార్థి ముందుగా నేర్చుకునేది భయం. సాఫ్ట్‌వేర్‌కు దొరక్కుండా ఉంటే చాలు అనుకుంటాడు. వాక్యాన్ని అటూ ఇటూ మార్చి రాస్తాడు.

సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని అక్షరంతో పోల్చి చూస్తుంది. అచ్చులో ఉన్నదాన్ని మాత్రమే పట్టుకోగలదు. తాండాలో అవ్వ చెప్పిన మాట ఎక్కడా అచ్చు కాలేదు కనుక దాన్ని పూర్తిగా ఎత్తి రాసుకున్నా పోలిక సున్నా శాతమే చూపిస్తుంది. పుస్తకం నుంచి నాలుగు వాక్యాలు తీసుకుంటే దొంగతనమంటారు. మనిషి నుంచి నలభై ఏళ్ల అనుభవం తీసుకుంటే ‘ఫీల్డ్ వర్క్’ అంటారు. ఇక్కడ రూలుకూ న్యాయానికీ మధ్య సందు ఉంది. ఆ సందులో పడిపోయేవాళ్లు ఎక్కువగా మనవాళ్లే. ఎందుకంటే మన తెలివిడిలో ఎక్కువ భాగం నోటిలో ఉంది, కాగితం మీద లేదు.

ఆధారం చెప్పడమంటే ఏమిటి? మాకు తోచినంతలో అందులో మూడు పనులున్నాయి. మొదటిది బాకీ ఒప్పుకోవడం: ఇది నాకు ఫలానా వారి దగ్గర దొరికింది అని. రెండోది దారి చూపడం: నా మాట నమ్మకపోతే ఇటు వెళ్లి నువ్వే చూసుకో అని. మూడోది బరువు చెప్పడం: ఇది కళ్లారా చూసిందా, చెవులారా విన్నదా, రాతి మీద ఉన్నదా, ఊరంతా అనుకునేదా అని. చాలామంది మొదటి పని ఒక్కటే గుర్తు పెట్టుకుంటారు. మనకు మిగతా రెండూ అంతకంటే ముఖ్యం. ఎందుకో చెబుతాం.

హిందూపురానికి దగ్గర్లోని లేపాక్షినే తీసుకోండి. రాముడు జటాయువును ‘లే పక్షీ’ అన్నాడు కాబట్టి ఆ పేరొచ్చిందని ఒక కథ. గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పీక్కుని గోడకు కొట్టాడని, ఆ మరకలు ఇప్పటికీ ఉన్నాయని ఇంకో కథ. అదే గుడిలో విజయనగర కాలపు శాసనాలున్నాయి. అచ్యుతదేవరాయల కాలంలో ఇచ్చిన దానాల సంగతి వాటిలో ఉంది. కథా ఉంది, శాసనమూ ఉంది. రెండూ విలువైనవే. కానీ రెండింటి బరువూ ఒకటి కాదు. విద్యార్థి తన పేపర్లో ‘విరూపణ్ణ కళ్లు పీక్కున్నాడు’ అని ఊరికే రాస్తే కథను చరిత్ర చేసినట్టు. ‘స్థానికంగా చెప్పుకునే కథ ప్రకారం’ అని రాస్తే కథకు కథ గౌరవం దక్కుతుంది, చరిత్రకు చరిత్ర గౌరవం దక్కుతుంది.

ఇక్కడ ఇంకొకటి గమనించాలి. గుడి కథ అయితే ‘స్థలపురాణం’ అని గౌరవంగా అచ్చేస్తారు. తాండాలో చెప్పే కథ అయితే ‘గిరిజనుల మూఢనమ్మకం’ అని రాస్తారు. సేవాలాల్ మహరాజ్ ఉమ్మడి అనంతపురం జిల్లాలోని గుత్తి ప్రాంతంలో పుట్టాడని, 1739 ఫిబ్రవరి 15న పుట్టాడని మన బంజారాలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. దీన్ని రాసేటప్పుడు ‘బంజారాల సంప్రదాయం ప్రకారం’ అని రాయడం తక్కువతనం కాదు, ఆ సంప్రదాయాన్ని ఒక ఆధారంగా నిలబెట్టడం. మన కథను తక్కువ చేయకూడదు. అలాగని పరీక్షకు నిలవని చోట దాన్ని నిలబెట్టనూ కూడదు. రెండు కథలకూ ఒకే కొలత వాడమని మాత్రమే మనం అడగాలి.

ఇక దారి చూపడం సంగతి. మన గురించి పుస్తకాల్లో ఉన్న చెడ్డమాటలు ఎక్కడివి? మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో 1909లో దక్షిణ భారత కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు ప్రచురించాడు. మూడో సంపుటంలో కొరవల గురించి, అంటే మన ఎరుకలవారి గురించి ఉంది. నాలుగో సంపుటంలో లంబాడీల గురించి ఉంది. ఈనాటికీ మన మీద పేపరు రాసేవారు ముందుగా తెరిచే పుస్తకం అదే. ‘థర్‌స్టన్ ఇలా అన్నాడు’ అని రాసేసి, ఆధారం చెప్పాం కదా అనుకుంటారు.

కానీ ఒక మెట్టు కిందికి దిగి చూడండి. కొరవల గురించి థర్‌స్టన్ రాసిన చోట పోలీసు అధికారుల రాతలు చాలా కనిపిస్తాయి. వారిలో ఎఫ్.ఎస్. ముల్లాలీ ఒకడు. మద్రాసు ప్రెసిడెన్సీలోని ‘నేర వర్గాల’ మీద 1892లో పుస్తకం వేసిన పోలీసు అధికారి. అంటే ఒక పోలీసు తన ఉద్యోగపు కళ్లతో చూసి రాసుకున్నది మ్యూజియం పుస్తకంలోకి ఎక్కి శాస్త్రమైంది. శాస్త్రమైనది తర్వాతి పుస్తకాల్లోకి ఎక్కి ‘అందరికీ తెలిసిన విషయం’ అయింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల కుటుంబాల పేర్లు పోలీసు రిజిస్టర్లలోకి ఎక్కాయి. అప్పటి గుంటూరు జిల్లా స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికింద సెటిల్‌మెంటు వెలిసింది. చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. చట్టం పోయినా వాక్యం మిగిలింది. ఒకరి పుస్తకం నుంచి ఇంకొకరు దించుకుంటూ ఆ వాక్యాన్ని బతికిస్తూనే ఉన్నారు.

అయితే ఈ దారి మనకు ఎలా తెలిసింది? థర్‌స్టన్ తన మూలాలు చెప్పాడు కాబట్టి. ముల్లాలీ పేరు అక్కడ లేకపోతే ఆ నింద ఎవరి కలం నుంచి బయల్దేరిందో మనకు దొరికేది కాదు. మీనా రాధాకృష్ణ ఆ కాలపు కాగితాలు తిరగేసి, ఎరుకలవారి మీద ఆ చట్టం ఎలా పనిచేసిందో 2001లో ఇంగ్లీషులో పుస్తకం రాశారు. ఉప్పు, ధాన్యం మోసుకుతిరిగి బతికిన సంచార వ్యాపారులను ప్రభుత్వ ఉప్పు విధానాలూ రైళ్లూ ఎలా దెబ్బతీశాయో, ఆ తర్వాత వారినే నేరస్థులని ఎలా అన్నారో అందులో చూపించారు. మూలాలు వెతికే దారి ఉండబట్టే ఆ జవాబు రాయగలిగారు. అందుకే ఆధారం చెప్పడం పైకులాల పండితుల మర్యాద అని మనం తీసిపారేయకూడదు. మన మీద వేసిన నింద ఎక్కడ పుట్టిందో పట్టుకునే పనిముట్టు అది. నింద పడినవాడికే ఆ పనిముట్టు ఎక్కువ అవసరం.

ఇందులోంచి ఒక నియమం పుడుతుంది. మీరు చదవని పుస్తకానికి పేరు పెట్టకండి. థర్‌స్టన్‌ను ఒక గైడు పుస్తకంలో చదివితే, ‘ఫలానా గైడులో ఉదహరించిన థర్‌స్టన్’ అనే రాయండి. నామోషీ ఏమీ లేదు. ఈమధ్య కృత్రిమ మేధ యంత్రాలను అడిగి ఆధారాల పేజీ తయారుచేసుకుంటున్నారు. అవి లేని పుస్తకానికి పేరు పెట్టగలవు, లేని రచయితను పుట్టించగలవు. చేత్తో ముట్టుకోని, కళ్లతో చూడని ఆధారం ఆధారమే కాదు.

‘ఇదంతా ఇంగ్లీషు చదువుల పద్ధతి, మన పద్ధతి కాదు’ అనేవారున్నారు. మాకు అలా అనిపించదు. తాండా పంచాయితీలో నాయక్ ముందు ఎవరైనా మాట చెబితే మొదట అడిగేదేమిటి? నువ్వు చూశావా, విన్నావా? వింటే ఎవరు చెప్పగా విన్నావు? వారిని పిలవండి. ఇది ఆధారం అడగడమే. బంజారాలలో ఢాడీలు వంశాలను పాడతారు. ఏ గోత్రం ఎవరి నుంచి వచ్చింది, ఎవరి కొడుకు ఎవరు అని తప్పు పోకుండా చెబుతారు. అందులో ఒక పేరు జారిపోతే ఒక ఇంటికి వేరు తెగినట్టే. ఇక ఎరుకలవారి పేరులోనే ‘ఎరుక’ వినిపిస్తుంది. ఎరుక అంటే తెలివిడి. పుస్తకం లేని కాలంలో కూడా మాటకు తల్లిదండ్రులను చెప్పిన వాళ్లం మనం. పాదసూచిక అనే పేరే కొత్త, పని పాతదే.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ‘తాండా తెలివిడి తాండా అంతటిదీ. దానికి ఒక్క మనిషి పేరు ఎలా పెడతాం? పెడితే మిగతావారికి అన్యాయం కాదా?’ ఈ ప్రశ్న న్యాయమైనదే. దీన్ని దాటవేయకూడదు.

దీనికి రెండు వైపులా పాఠాలున్నాయి. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, పసుపుతో గాయం మాన్పడం మీద పేటెంటు దొరికింది. మన దేశంలో ఏ అవ్వను అడిగినా చెప్పే సంగతి అది. కానీ ‘మా అవ్వ చెప్పింది’ అంటే అక్కడ చెల్లలేదు. బయటి దేశాల్లో తెలిసిన విషయమైతే అచ్చులో చూపించాలన్నది అప్పటి అమెరికా చట్టం. మన సీఎస్ఐఆర్ 32 ఆధారాలు వెతికి పెట్టింది. అందులో 1953 నాటి భారత వైద్య సంఘం పత్రికలోని వ్యాసం కూడా ఉంది. 1997లో పేటెంటు రద్దయింది. అందరిదీ అని వదిలేసినది ఎవరిదీ కాదన్నట్టు అవుతుందని, చివరికి ముందుగా రాసుకున్నవాడిది అవుతుందని ఆ కేసు చెప్పింది.

రెండో పాఠం కేరళ అగస్త్య కొండల్లోని కాణి తెగది. 1987లో అక్కడికి వెళ్లిన శాస్త్రజ్ఞులకు దారి చూపిన కాణి యువకులు ఒక చెట్టు కాయలు తింటూ అలసట లేకుండా నడిచారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. దాంతో ‘జీవని’ అనే మందు తయారైంది. 1995లో కోయంబత్తూరు ఆర్యవైద్య ఫార్మసీకి లైసెన్సు ఇచ్చారు. లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణి తెగకు ఇవ్వాలని నిర్ణయించి, 1997లో వారి ట్రస్టు పెట్టారు. తెగ పేరు చెప్పి వాటా ఇచ్చారని ప్రపంచమంతా మెచ్చుకుంది. కానీ తెగలోని కొందరు వైద్యులు, ప్లాతీలు, అడిగారు: ఆ రహస్యం చెప్పడానికి ఆ యువకులకు హక్కు ఎవరిచ్చారు? మమ్మల్ని అడిగారా?

ఈ రెండూ కలిపి చూస్తే మాకు తోచింది ఇది. తెలివిడి సొంతదారు వేరు, చెప్పిన మనిషి వేరు. సొంతదారు తాండా కావచ్చు, తెగ కావచ్చు. చెప్పింది మాత్రం ఒక మనిషి. ఫలానా రోజు, ఫలానా అరుగు మీద, తన జ్ఞాపకంలోంచి తన మాటల్లో చెప్పింది. రెండింటినీ రాయాలి. ‘ఇది మా తెగ అందరిదీ’ అని తెగ పేరు రాయడం, ‘మాకు చెప్పింది ఈమె’ అని మనిషి పేరు రాయడం ఒకదానికొకటి అడ్డు కాదు. ధర్మవరం పట్టుచీర ఊరి పేరుతో ప్రపంచమంతా తెలుసు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బళ్లారి వైపు సండూరు లంబాడీ కుట్టుపనికీ ఆ గుర్తింపు దొరికింది. ఇది సమూహానికి దక్కిన పేరు. కానీ చీర నేసిన చేతుల పేరు చీర మీద ఉండదు. కాంచళి మీద అద్దాలు కుట్టిన ఆడమనిషి పేరూ ఉండదు. సమూహం పేరు దక్కిందని మనిషి పేరు అక్కర్లేదనుకోకూడదు.

పేరు రాయడం అంటే అడక్కుండా రాసేయడం కాదు. కొన్ని మందుల సంగతి చెప్పడానికి చెప్పేవారికే ఒప్పుదల ఉండకపోవచ్చు. కొన్ని పాటలు ఆడవాళ్ల మధ్యనే ఉండాలి. కొన్ని సంగతులు బయటపడితే భూమి తగాదాకో, పోలీసు స్టేషనుకో దారితీయవచ్చు. అప్పుడు పేరు దాచడమే న్యాయం. ‘పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక పెద్ద’ అని రాయవచ్చు. పేరు లేకపోవడం వారి కోరిక వల్ల జరగాలి, మన బద్ధకం వల్ల కాదు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పేరు ఎందుకు లేదో ఒక వాక్యం రాసి పెట్టాలి. కొన్నిటిని అసలు రాయకుండా వదిలేయడం కూడా ఒక మర్యాదే.

మన పిల్లలు అడిగే ఇంకో మాట ఉంది. ‘చెప్పింది మా సొంత అవ్వే. మా ఇంటి మాటకు ఆధారం ఏమిటి?’ సొంత అవ్వ అయితే బాకీ తగ్గుతుందా? తల్లి వండిన అన్నం తిని ‘నేనే వండాను’ అని పొరుగింట్లో చెప్పుకుంటామా? పైగా మన పిల్లవాడు తన పేరుతో రాస్తే, చదివేవాడికి అది ఒక ఇరవై ఏళ్ల కుర్రవాడి అభిప్రాయంగా కనిపిస్తుంది. డెబ్బై ఏళ్ల మనిషి చెప్పిందని రాస్తే ఆ మాట బరువే మారిపోతుంది. అవ్వ పేరు రాయడం అవ్వకు మేలు, రాసేవాడికీ మేలు.

ఎలా రాయాలన్నది కష్టమేమీ కాదు. చెప్పినవారి పూర్తి పేరు వారు చెప్పినట్టే రాయాలి. తెగ, తాండా లేదా కాలనీ, మండలం, జిల్లా రాయాలి. వయసు వారికి తెలిసినంత. ఏ విషయం చెప్పారు, ఏ తేదీన చెప్పారు, ఏ భాషలో చెప్పారు. గోర్ బోలీలోనో ఎరుకల భాషలోనో చెప్పినదాన్ని తెలుగులోకి మార్చింది ఎవరు. రికార్డు ఉంటే ఎవరి దగ్గర ఉంది. పేరు వాడుకోవడానికి ఒప్పుకున్నారా. ఇవి చాలు. వీటిని పుస్తకాలతో పాటు అదే జాబితాలో, అదే వరుసలో పెట్టాలి. కింద ఎక్కడో ‘కృతజ్ఞతలు’ అన్న చోట పెట్టి ఊరుకోకూడదు. కృతజ్ఞత మన దయ, ఆధారం వారి హక్కు.

ఇలా చేయవచ్చా, కాలేజీ ఒప్పుకుంటుందా అని అనుమానపడే వారికి ఒక మాట. ప్రపంచంలో చాలాచోట్ల వాడే ఏపీఏ పద్ధతిలో మామూలుగా నోటిమాటను ‘వ్యక్తిగత సంభాషణ’ కింద లెక్కగట్టి ఆధారాల జాబితాలో చేర్చరు. కెనడాలో క్రీ తెగకు చెందిన లొరీషియా మక్లియడ్ అనే లైబ్రేరియన్‌కు ఇది అన్యాయమనిపించింది. ఉత్తరంలోని నాలుగు మాటలనూ, ఒక పెద్ద తన జన్మంతా మోసిన జ్ఞానాన్నీ ఒకే గాటన కట్టడమేమిటని, తెగ పెద్దల మాటను జాబితాలో చేర్చే నమూనాలు తయారుచేసింది. 2021లో వాటి మీద వ్యాసం ప్రచురించింది. అంత దూరాన మనలాంటి తెగ నుంచి వచ్చిన ఒక లైబ్రేరియన్ చేయగలిగిన పనిని మన కాలేజీల్లో మనం అడగలేమా?

ఉపాధ్యాయులకు మా విన్నపం ఒక్కటే. పిల్లలకు ఆధారం చెప్పడం నేర్పేటప్పుడు శిక్ష దగ్గర మొదలుపెట్టకండి, బాకీ దగ్గర మొదలుపెట్టండి. ఆరో తరగతి పిల్లవాడు కూడా ‘ఈ సామెత మా జేజి చెప్పింది’ అని నోటుపుస్తకంలో రాయగలడు. ఆ అలవాటు అయినవాడికి డిగ్రీలో పాదసూచిక బరువనిపించదు. ప్రాజెక్టు రిపోర్టు దిద్దేటప్పుడు ‘స్థానికులు’ అన్న మాట కనిపిస్తే దాని కింద గీత గీసి, ‘ఎవరు?’ అని రాయండి. రిపోర్టు పూర్తయ్యాక ఒక ప్రతిని తాండాకు పంపమని చెప్పండి. చదువు రానివారికి పిల్లలే చదివి వినిపించాలి. తప్పు రాస్తే చెప్పినవారే దిద్దుతారు. అంతకంటే గట్టి పరీక్ష ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు.

యువతకు చెప్పేది కూడా ఇదే. రేపు మీలో కొందరు పరిశోధకులవుతారు. మన గురించి ఇతరులు రాసిన వాక్యాన్ని చూసినప్పుడు, ఇది ఎవరి నోట పుట్టిందని అడగండి. మన పెద్దలు చెప్పిన వాక్యాన్ని రాసినప్పుడు, ఇది ఎవరి నోట పుట్టిందో రాయండి. అడిగే హక్కు కావాలంటే రాసే బాధ్యత కూడా మోయాలి. మనల్ని నూరేళ్లకు పైగా ‘వాళ్లు’ అని, ‘తెగ’ అని, ‘స్థానికులు’ అని రాశారు. మన కలంతో మనం రాసుకునే కాలమొచ్చింది. ఇప్పుడైనా మన పెద్దలను పేరు పెట్టి పిలుద్దాం.